కుర్చీ నాది

ఆ వంతెన మీద పనిచేసేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. పెద్ద పడవలొచ్చినప్పుడు మధ్యలోంచి పైకి లేచే వంతెన అది. దాన్ని ఎత్తే మీటలూ, రోడ్డుకి అడ్డం పడే గేట్ల మీటలూ, సైరనూ, మైకూ అన్నీ ఒడ్డున స్తంభం మీద కట్టిన గాజుగదిలో ఉంటాయి. వాటి ముందు ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఉన్న మనిషి, తర్వాతి డ్యూటీ మనిషి మెట్లెక్కి వచ్చి, కుర్చీ వెనక చెయ్యేసి "కుర్చీ నాది" అనేదాకా లేవకూడదు. మిన్ను విరిగి మీద పడ్డా సరే. వచ్చినవాళ్ళు ఆ మాటంటే ఉన్నవాళ్ళు "నీదే" అని లేస్తారు.

ఇది ఆఫీసువాళ్ళు పెట్టిన రూలు కాదు. వెనకటికి ఇద్దరు మహానుభావులు, రెండోవాడు కూర్చున్నాడు కదా అని ఎవరికి వారే అనుకుని టీకి పోయారట. మీట సగంలో ఉండిపోయింది, వంతెన సగం లేచి ఆగింది, మోటారుసైకిలు మీదొచ్చిన పెద్దమనిషి ఒకాయన అంచు పట్టుకుని వేలాడాడు. బతికాడు లెండి. అప్పట్నించీ ఈ ఆచారం. మంచిదే, కాదనను. కాకపోతే దీన్లో ఒక చిల్లుంది. వచ్చేవాడు రాకపోతే కూర్చున్నవాళ్ళ బతుకు ఆ కుర్చీకి కట్టేసినట్టే. ఆ చిల్లులో హాయిగా కాపురం పెట్టేసిన ఘనుడి కథే ఇది.

అతన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. ఏభై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. డ్యూటీకి అరగంట ఆలస్యంగా రావడం అతనికి మంచినీళ్ళు తాగినంత సులువు. వస్తూ వస్తూ నీతులొకటి. "పని పనే, బతుకు బతుకే చెల్లెమ్మా. పనికోసం బతుకు పాడుచేసుకోకూడదు" అనేవాడు, తీరిగ్గా మొహం తుడుచుకుంటూ. నిజమే. అతని బతుకు పాడవలేదు. మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత కునుకు, సాయంత్రం నడక, అన్నీ వేళకి జరిగేవి. ఆ వేళలన్నీ ఎవరి ఒళ్ళోంచి లాక్కుంటున్నాడో అతనికి ఎప్పుడూ తట్టలేదు.

లాక్కునేది ఎక్కువగా ఒకామె దగ్గర. ఆమెని అలారం అనేవాళ్ళు. డ్యూటీ రెండింటికి అంటే ఒకటీ ఏభైకే మెట్ల కింద ఉంటుంది కాబట్టి. డ్యూటీలు వారం వారం మారతాయి. ఒక వారం నిదానం వచ్చి అలారాన్ని విడిపించాలి, మరుసటి వారం అలారం వచ్చి నిదానాన్ని విడిపించాలి. అంటే ఒక వారం ఆమె కళ్ళు కాయలు కాసేలా మెట్లవంక చూస్తుంది, ఇంకో వారం అతను ఠంచనుగా దిగి ఇంటికి పోతాడు. న్యాయం అంటే ఇదీ!

అలారానికి పెళ్ళి కాలేదు. ఇంట్లో తల్లీ, తమ్ముడూ. ఆ తల్లి నోరు వీధికంతటికీ ప్రసిద్ధి. ఆవిడ వంటింట్లోంచి కూతుర్ని లేపితే నాలుగిళ్ళవతల పిల్లలు కూడా లేచి బడికి తయారయ్యేవాళ్ళు. తిట్టినా అదే గొంతు, ముద్దుచేసినా అదే గొంతు. ఏది ఏదో ఇంట్లోవాళ్ళకే తెలిసేది.

అలాంటి గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణానికి భయం లేదుగానీ స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. ఆ తర్వాత మాట ఉండదు. అలారం అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. తల్లి మాత్రం, "పోతే పోనీవే! ఇన్నేళ్ళు నేను చెప్పింది మీరేం విన్నారు గనకా" అంది. ఇంటికొచ్చాక, తమ్ముడు పక్కన లేనప్పుడు, కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆపరేషన్ రోజు పొద్దుట్నించీ నోరు విప్పను. నువ్వొచ్చాకే మాట్లాడతా. మిగిలిన నాలుగు మాటలూ నీకే. మీ తమ్ముడికి చెప్పినా ఒకటే, ఆ గోడకి చెప్పినా ఒకటే."

అలారం సెలవడిగింది. సూపర్‌వైజరు పెన్నుతో చెవి గోక్కుంటూ విన్నాడు. "ఆపరేషన్ మీ అమ్మగారికి కదమ్మా, నీకు కాదుగా. మనుషుల్లేరు, నేనెక్కణ్ణించి తేను? పొద్దుటి డ్యూటీ చేసుకో. రెండింటికి దిగుతావు. ఆపరేషన్ మూడింటికి. ఆస్పత్రి వంతెన అవతలే. ఇంకేం కావాలి?" అన్నాడు. లెక్క చూస్తే బాగానే ఉంది. కానీ ఆ వారం రెండింటికి రావాల్సింది నిదానం.

ఆమె అతని ఇంటికే వెళ్ళింది. గుమ్మంలో నిలబడి విషయమంతా చెప్పింది. అతను జాలిగా తలూపి, "అయ్యో, ఎంతమాట! గంట ముందే వస్తా చెల్లెమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. ఆమె నిశ్చింతగా ఉంది కూడా. అదీ ఆమె చేసిన తప్పు.

ఆవేళ ఒంటిగంట అయింది, రాలేదు. రెండయింది, రాలేదు. గాజుగదిలోకి సొంత ఫోన్లు తీసుకెళ్ళకూడదు. మెట్ల కింద పెట్టెలో పెట్టి ఎక్కాలి. లోపలున్న ఫోను ఆఫీసుకి మాత్రమే పోతుంది. ఆమె ఆఫీసుకి చేసింది. "వస్తాడ్లేమ్మా, కుర్చీ మాత్రం వదలకు" అన్నారు. మళ్ళీ చేసింది. "సొంత విషయాలకి ఈ లైను వాడకూడదు" అన్నారు. గాజులోంచి చూస్తే నది అవతల ఆస్పత్రి తెల్లగా, దగ్గరగా కనిపిస్తోంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. అంతలో ఇసుక పడవొకటి హారన్ కొట్టింది. కూర్చుని వంతెన ఎత్తింది, దించింది. ఏడుస్తూనే చేసింది.

నిదానం మూడు దాటాక వచ్చాడు. బుగ్గ మీద దిండు ముడత ఇంకా చెరగలేదు. "భోంచేసి కాస్త నడుం వాల్చా చెల్లెమ్మా, కునుకు పట్టేసింది" అని నవ్వాడు. ఆమె మొహం చూసి, "ఇప్పుడేం కొంపలు మునిగాయి? ఆపరేషన్ అయ్యాక చూడొచ్చుగా. మనిషెక్కడికి పోతుంది?" అన్నాడు. తర్వాత కుర్చీ మీద చెయ్యేసి ఆ రెండు మాటలూ అన్నాడు. ఆమె "నీదే" అనలేదు. మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది.

ఆస్పత్రి వరండాలో తమ్ముడొక్కడే ఉన్నాడు. తల్లిని తీసుకెళ్ళిపోయారు.

"ఏమందిరా?" అంది అలారం, రొప్పుతూ.

"పొద్దుట్నించీ ఒక్క మాట లేదక్కా. అన్నీ సైగలే. తోసుకెళ్ళేటప్పుడు మాత్రం, 'అది రాలేదా?' అంది. లేదన్నా. అప్పుడింకేదో అంది."

"ఏదో అంటే?"

"ఆ చక్రాల బండి గోలలో వినపడలేదక్కా. నీకేదో చెప్పమన్నట్టుంది."

ఆమె తమ్ముణ్ణి కొట్టలేదు. కొట్టాల్సింది, కొట్టలేదు.

తల్లి బతికింది. మెడకో పట్టీతో ఇంటికొచ్చింది. చప్పట్లు కొట్టి పిలవడం, చిటికెలేసి కోప్పడడం, మరీ కోపమొస్తే గరిటె విసరడం నేర్చుకుంది. ఆవేళ ఏం చెప్పావమ్మా అని అలారం ఎన్నిసార్లడిగిందో. తల్లి ప్రతిసారీ పోనిద్దూ అన్నట్టు చెయ్యి విదిలించేది. ఫోన్లో ఎక్కడైనా ఆ గొంతు దొరుకుతుందేమోనని ఇంటిల్లిపాదీ వెతికారు. తమ్ముడి ఫోన్లో ఒక్కటి దొరికింది. అందులో తల్లి, "ఆపరా ముందు దాన్ని" అంటోంది. వాడు బుద్ధిమంతుడిలా ఆపేశాడు. ఆ మూడు ముక్కలే మిగిలాయి.

ఇంక అలారం కడుపు మండకుండా ఎలా ఉంటుంది? పగబట్టినవాళ్ళు పళ్ళు నూరతారంటారు. ఈమె నవ్వింది. నిదానం ఆలస్యంగా వస్తే, "పర్లేదన్నయ్యా" అంది. తన వంతు వచ్చిన వారాల్లో ఎప్పట్లాగే ముందే వచ్చి అతన్ని పంపించింది. మామూలు రోజుల్లో తనూ ఆలస్యంగా వచ్చి చిల్లర కక్ష తీర్చుకోవడం ఆమెకి నచ్చలేదు. పోయేది కునుకేగా. ఆమెకి కావాల్సింది కునుకు కాదు. తిరిగిరానిదేదో అతని చేతిలోంచి జారిపోవాలి, అతను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోవాలి. అది తన చేతిమీదుగానే జరగాలి. ఆ రోజు కోసం ఆమె వెయ్యి కళ్ళతో కాచుకుంది. అన్నం తింటున్నా అదే ధ్యాస, తల్లి మెడపట్టీ మారుస్తున్నా అదే ధ్యాస. ఒకసారి తల్లి చిటికెలేసి పిలుస్తూనే ఉందిగానీ ఈమె పలకలేదు. మనసు వంతెన మీద ఉంది.

చివరికి నిదానమే వచ్చి తన పీక తనే ఆమె చేతికిచ్చాడు.

ఆవేళ అతను టైముకొచ్చాడు. అదే పెద్ద వింత. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "చెల్లెమ్మా, నీతో ఒక పనిపడింది" అన్నాడు.

"చెప్పండన్నయ్యా."

"మా అమ్మాయి వస్తోంది." అతను చేతిగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "వాళ్ళమ్మ దాన్ని తీసుకుని పోయి చాలా ఏళ్ళయింది కదా. అప్పట్నించీ దాన్ని చూళ్ళేదు. ఫోన్ చేస్తే తియ్యదు. ఇప్పుడెక్కడో దూరాన చదువుకి సీటొచ్చిందట, పోతోంది. ఈ దారినే బస్సు మారాలి. వచ్చే వారం, రెండింటికి, మన కింద టీ కొట్టు దగ్గరుంటానంది. మూడింటి బస్సెక్కి స్టేషన్‌కి పోతుంది. అంతే. ఆ కాసేపే."

"వచ్చే వారం మీ తర్వాత నేనేగా."

"అందుకే. సెలవడిగా, ఇవ్వనన్నాడు. నువ్వు కొంచెం ముందొస్తే..."

అలారం గుండె దడదడా కొట్టుకుంది. సంతోషంతోనే. "అయ్యో, ఎంతమాట! గంట ముందే వస్తా అన్నయ్యా. మీరు నిశ్చింతగా ఉండండి" అంది. అతనన్న మాటలే, అక్షరం పొల్లుపోకుండా. అతనికి గుర్తు కూడా రాలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆ రోజు ఆమె గంట ముందే వచ్చింది కూడా. వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. కొట్టు సరిగ్గా గాజుగది కిందే ఉంది. పైనున్నవాళ్ళకి నదీ, వంతెనా, దూరాన రోడ్డూ కనిపిస్తాయిగానీ తమ కాళ్ళ కిందున్న కొట్టూ, దాని ముందు బస్సులాగే చోటూ కనపడవు. ఆమె ఒక టీ తాగింది, ఇంకోటి చెప్పింది. కొట్టు నడిపే ఆవిడ, "ఏంటి అలారం, ఇవాళ ఇంకా ఎక్కలేదు? ఒంట్లో బాలేదా?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది పిన్నీ. ఇంత బాగా ఎప్పుడూ లేదు" అంది అలారం.

రెండు కాకముందే బస్సు దిగిందా పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. పెద్ద సంచీ ఒకటి వీపున, ఇంకోటి చేతిలో. ఒడ్డూ పొడుగూ చూస్తే ఎవరి పిల్లో అడగక్కర్లేదు. అటూ ఇటూ చూసి, వచ్చి అదే బల్ల మీద అలారం పక్కన కూర్చుంది.

"ఆంటీ, పైగదిలోకి ఎటునించి వెళ్ళాలి?"

"ఎవర్నీ ఎక్కనివ్వరమ్మా. తలుపు తాళం."

"మా నాన్న అక్కడే చేస్తారు. రెండింటికి దిగుతానన్నారు."

"దిగుతాడేమో చూడు" అంది అలారం. అని టీ ఊదుకుంది.

రెండు దాటింది. పిల్ల ఫోను తీసి చూసుకుంది, లోపల పెట్టుకుంది. మెట్లవంక చూసింది. తర్వాత తనలో తనే నవ్వుకుని, "నేనో పిచ్చిదాన్ని" అంది.

"ఏమ్మా?"

"ఆయనెప్పుడూ ఇంతే ఆంటీ. నా చిన్నప్పుడు బడినించి తీసుకెళ్ళడానికి రావాల్సింది ఆయనే. అందరి పిల్లలూ వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ, గేటు మూసే తాతా మిగిలేవాళ్ళం. ఆ తాత రోజూ, 'వస్తాడ్లే తల్లీ' అనేవాడు. వచ్చి, 'కునుకు పట్టేసిందిరా బంగారం' అనేవారు నాన్న. ఒకరోజు వానలో అలాగే నిలబెట్టేశారు. నాకు జ్వరమొచ్చింది. ఆ రాత్రే అమ్మ సామాను సర్దింది."

అలారం కళ్ళు మెరిశాయి. ఇంతకాలానికి తన కడుపుమంట తెలిసిన మనిషొకరు దొరికారు! "అలాంటివాణ్ణి చూడ్డానికి మళ్ళీ ఎందుకొచ్చావమ్మా?" అంది.

పిల్ల చేతిలో సంచీ తాడు మెలిపెట్టింది. "ఫోన్లో ఏడ్చారు. ఈసారి ముందే వచ్చి నిలబడతాను, చూడు అన్నారు. మళ్ళీ ఇటు వస్తానో రానో తెలీదు. ఒక్కసారి నాకన్నా ముందొచ్చి నాకోసం ఆయన నిలబడి ఉంటే చూద్దామనిపించింది. అంతే ఆంటీ, ఇంకేం వద్దు. ఇవాళ కూడా రాకపోతే ఇంక నాన్న అనే మాట తలుచుకోను. అమ్మకి కూడా అదే చెప్పి వచ్చా."

అలారం గ్లాసు కింద పెట్టింది. ఒక్క క్షణం మోకాళ్ళు లేవబోయాయి. కానీ తెల్లటి ఆస్పత్రి గోడలు కళ్ళ ముందుకొచ్చాయి. 'మనిషెక్కడికి పోతుంది?' అన్న ఆ నవ్వు మొహం, ఆ దిండు ముడత గుర్తొచ్చాయి. కూర్చో, అని తనకి తనే చెప్పుకుంది. వాడు కూర్చున్నాడుగా అక్కడ, మెట్లవంక చూస్తూ. ఇంకాసేపు చూడనీ. పిల్లకి ఒక టీ చెప్పింది. పిల్ల వద్దంది.

మూడింటికి కదిలే బస్సు కాస్త ముందే వచ్చి రోడ్డుకి అవతలివైపు ఆగింది. పిల్ల లేచింది. వెళ్ళబోతూ, "మీరిక్కడివాళ్ళేగా ఆంటీ. ఆయన కనిపిస్తే, వచ్చానని చెప్పండి" అంది. మొహం పక్కకి తిప్పుకుని రోడ్డు దాటింది.

అప్పుడు లేచింది అలారం. ఫోను పెట్టెలో పడేసి మెట్లెక్కింది. ఒక్కొక్క మెట్టూ తీరిగ్గా ఎక్కింది.

నిదానం చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఇస్త్రీ చేసిన కొత్త చొక్కా. గడ్డం గీసుకున్నచోట రెండు గాట్లున్నాయి. ఆమెని చూడగానే, "వచ్చావా! కింద ఎవరైనా ఉన్నారా? టీ కొట్టు దగ్గర, అమ్మాయి, ఈ ఎత్తుంటుంది..." అన్నాడు. ఎందుకాలస్యమైందని అడగలేదు. తిట్టలేదు. తిడితే ఏం చెప్పాలో ఆమె అంతా సిద్ధం చేసుకుని వచ్చింది.

"ఎవరూ లేరన్నయ్యా" అంది అలారం. "నేనిందాకట్నించీ అక్కడే ఉన్నా. ఎవరూ రాలేదు."

చెప్పేసింది. అబద్ధమాడాలని ఇంటి దగ్గర అనుకోలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది, నెలల తరబడి అక్కడే కూర్చుని ఉన్నట్టు.

అతని మొహంలో ఏదో ఆరిపోయింది. "రాలేదా" అన్నాడు. కొత్త చొక్కా పైగుండీ ఊడదీసుకుంటూ, "ఎందుకొస్తుందిలే. నేను నిలబెట్టిన నిలబాట్లు కాళ్ళకి గుర్తుంటాయిగా. ఒకందుకు నువ్వాలస్యంగా రావడమే మంచిదైంది చెల్లెమ్మా. ముందే దిగుంటే ఆ ఖాళీ బల్ల చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇక్కడైతే వచ్చిందేమోలే అని కాసేపు ఆశపడ్డా" అన్నాడు.

ఆమె కుర్చీ వెనక చెయ్యేసింది. "కుర్చీ నాది."

"నీదే" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుంది. ఇదిగో, అనుకున్న రోజు. సరిగ్గా అనుకున్నట్టే జరిగింది, ఇంకా బాగానే జరిగింది. నవ్వాలని చూసింది. రాలేదు. గాజులోంచి రోడ్డు కనిపించింది. నిదానం భుజాలు వాల్చి, వంతెనకి వీపు తిప్పి, ఊళ్ళోకి పోతున్నాడు. బస్సు కదిలి వంతెన వైపు వస్తోంది. కిటికీ పక్కన పిల్ల తల వంచుకుని ఉంది. ఇద్దరి మధ్యా దూరం పెరుగుతోంది.

అది రాలేదా, అని అడిగింది అమ్మ. తోసుకుపోతుంటే అడిగింది. ఇప్పుడా మాట అడుగుతున్నది ఆ కిటికీ పక్కనున్న పిల్ల. కుర్చీకి అతుక్కుని ఏమీ చెయ్యలేక చూస్తూ ఉండిపోయినవాడు నిదానం. మరి నేనెవర్నయ్యాను? బుగ్గ మీద దిండు ముడతతో నవ్వుతూ వచ్చినవాణ్ణి నేనే అయ్యాను. ఆ తలపు రాగానే అలారానికి ఒళ్ళంతా కంపరం ఎత్తింది. ఛీ, అనుకుంది. వాడిమీద అసహ్యమే, కానీ తన ఒంటిమీద ఉంది.

దిగి పరిగెత్తడానికి లేదు. కుర్చీ ఆమెది.

చెయ్యి సైరన్ మీద పడింది. రోడ్డుకి అడ్డంగా గేట్లు దిగాయి. బస్సు కీచుమని గేటు ముందు ఆగింది. ఆమె పెద్ద మీట లాగింది. పడవా లేదు, పాడూ లేదు, ఆ మధ్యాహ్నం వేళ వంతెన లేచి నిలబడింది. ఆమె మైకు అందుకుంది. ఆ మైకు పడవలకోసం, ప్రమాదాలకోసం. సొంతానికి వాడితే ఉద్యోగం ఊడుతుంది.

"ఓ నిదానం మహానుభావా! ఆగు! వెనక్కి తిరుగు!" రెండొడ్లూ దద్దరిల్లాయి. "నీ కూతురు ఆ బస్సులో ఉంది. వచ్చింది! నీకంటే ముందే వచ్చి గంటసేపు కూర్చుంది. నేను కావాలనే ఎక్కలేదు. కావాలనే అబద్ధం చెప్పాను. మా అమ్మ నాకోసం దాచిన నాలుగు మాటలూ నీ కునుకుకి పోయాయి, తెలుసా నీకు? అందుకు! ఇదిగో అమ్మాయ్, కిటికీ పక్కనున్న అమ్మాయ్, విను. ఇవాళ్టి ఆలస్యం మీ నాన్నది కాదు, నాది. మిగతావన్నీ ఆయనవే, వాటి సంగతి నువ్వే అడుగు. ఓ నిదానం, నేను మాత్రం నిన్ను క్షమించలేదురోయ్, చచ్చేదాకా క్షమించను! ఇంకా నిలబడి చూస్తావేం? పరిగెత్తు! బతుకులో ఒక్కసారి పరిగెత్తి చావు!"

అతను పరిగెత్తాడు. ఆ మనిషి అలా పరిగెత్తగలడని ఎవరూ అనుకోరు. చెప్పొకటి ఊడిపోయింది, ఆగలేదు. ఆగిన కార్లకి అడ్డంపడి, గుద్దుకుని, బస్సు తలుపు దగ్గరికొచ్చి రెండు చేతులతో బాదాడు. తలుపు తెరుచుకుంది. పిల్ల మెట్టు మీదికొచ్చి నిలబడింది. దిగలేదు. అతను కింద నిలబడి ఏదో అంటున్నాడు. పైకి ఆ మాటలు వినపడవు. కార్ల హారన్లు మాత్రం వినపడుతున్నాయి, ఎవడో కిందనించి ఆమెని నానా తిట్లూ తిడుతున్నాడు.

ఫోను మోగుతూనే ఉంది. వంతెన లేస్తే ఆఫీసులో దీపం వెలుగుతుంది. ఆమె తీసింది.

"ఏ పడవకమ్మా ఎత్తావ్?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏ పడవా లేదండి."

"లేకపోవడమేంటి? మతిపోయిందా నీకు? ముందు దించు!"

"దించుతానండి. వాళ్ళింకా మాట్లాడుకుంటున్నారు." కింద పిల్ల ఒక మెట్టు దిగింది.

"ఎవరు మాట్లాడుకుంటున్నారు? ఇది నీ సొంత వంతెనా? ఉద్యోగం పోయినట్టే, తెలుస్తోందా? వేరే మనిషిని పంపిస్తున్నా, వాడొచ్చేదాకా కుర్చీ వదలకు. ఇంటికెళ్ళి ఏం చెప్తావ్? ఇంత మంచి ఉద్యోగం పోగొట్టుకొచ్చావని తెలిస్తే మీ అమ్మగారేమంటారు?"

అలారం ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మా అమ్మ ఏమీ అనదండి" అంది.